ముందే చెప్పే శాంతాబాయి, పళ్లు లేని పిల్లి

శాంతాబాయికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఎవరికి ఏ వస్తువు ఇస్తున్నా, ఏ మనిషిని పరిచయం చేస్తున్నా, ముందు అందులోని లోపాలన్నీ చెప్పేస్తుంది. మంచి సంగతులు తరవాత చెబుదామనే అనుకుంటుంది గానీ, అప్పటికి వినడానికి అవతల మనిషి ఉండడు.

సూర్యాపేటలో ఆమెను అందరూ నర్సమ్మ అంటారు. ముప్పై రెండేళ్లు సర్కారు దవాఖానలో సూదులు వేసి రిటైరైంది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఏ పిల్లవాడికీ చీమ కుట్టినట్టు ఉంటుందని చెప్పిన పాపాన పోలేదు. "మస్తు నొప్పి లేస్తది. రెండు దినాలు చెయ్యి లేవది. ఏడ్సేదుంటే ఇప్పుడే ఏడువు, సూది లోపలున్నప్పుడు కదలకు" అనేది. తల్లులు బిత్తరపోయేవాళ్లు.

ఇంట్లో లంబాడీ మాట్లాడుకున్నా, లోపాల ప్రస్తావన వచ్చేసరికి నలుగురికీ అర్థం కావాలని తెలుగులోకి దిగుతుంది. పాత స్కూటీ అమ్మకానికి పెడితే పదకొండు మంది వచ్చారు. పదకొండు మందికీ ఒకటే పాఠం. "బ్రేకు జర లేటుగ పడతది. వానకు స్టార్టు కాదు. ఎండకు స్టార్టయితది గాని హారను కొడితే లైటు ఎలుగుతది." స్కూటీ ఇప్పటికీ ఇంటి ముందే ఉంది. దాని సీటు మీద పిల్లులు పడుకుంటాయి.

తన పెళ్లిచూపుల్లోనూ ఇదే వరస. పెళ్లికొడుకు దీప్లా చాయ్ గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే మొదలుపెట్టింది. "నాకు కోపమెక్కువ. గురక పెడత. జొన్నరొట్టె కొడితే గుండ్రంగ రాదు." పెద్దవాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. ఆర్టీసీలో డ్రైవరు చేసి రిటైరైన దీప్లాను అడిగితే ఇప్పటికీ ఒకే మాట చెబుతాడు. "అన్నీ ఆమెనే చెప్పింది. ఇగ అడిగేటందుకు ఏం మిగల్లే. చేసుకున్న."

ఈ అలవాటుతో ఎక్కువ నలిగినది కోడలు స్వరూప. పెళ్లయి నాలుగేళ్లయింది. ఏ తండాలో ఏ శుభకార్యానికి వెళ్లినా, కోడలు ఆటో దిగేలోపే అత్తగారి ప్రకటన చుట్టాలందరికీ చేరిపోతుంది. "మా స్వరూప ఏడు కొట్టంది లేవది. సల్లటన్నం ముట్టది. ఎవలన్న గట్టిగ మాట్లాడితే రెండు దినాలు మూతి ముడుసుకుంటది." స్వరూప తల వంచుకుని నవ్వేది. లోపల మాత్రం ఉడికిపోయేది.

ఉడకదా మరి? ఆమె పనిచేసేది మెయిన్ రోడ్డు మీది బట్టల షోరూములో. లోపం అన్న మాట నోట రాకుండా ఎనిమిది గంటలు మాట్లాడటం ఆమె ఉద్యోగం. వెలిసిన రంగును లైట్ షేడ్ అంటుంది. మూడేళ్లుగా కదలని చీరను ఒక్క పీసే మిగిలిందంటుంది. పొద్దున అత్తగారిని విని, పగలంతా తనను తాను విని, సాయంత్రానికి స్వరూపకు బుర్ర తిరిగిపోయేది.

ఇంటి వెనకాల రేకుల షెడ్డు ఉంది. రోడ్డు మీద దెబ్బలు తగిలిన పిల్లుల్ని తెచ్చి శాంతాబాయి అందులో పెట్టి బాగుచేస్తుంది. బాగుపడ్డవాటిని ఎవరికైనా ఇద్దామని చూస్తుంది. ఇచ్చే పద్ధతి తెలిసిందే కాబట్టి షెడ్డులో ఎప్పుడూ ఎనిమిదికి తక్కువ ఉండవు.

వాటిలో ఒకటి పిట్ట. మేళ్లచెరువు నుంచి సిమెంటు లోడుతో వచ్చిన లారీలో, బస్తాల మధ్య దొరికిందని డ్రైవరు తెచ్చి ఇచ్చిపోయాడు. దాని నోరంతా పుండు. పశువుల డాక్టరు చూసి, పళ్లన్నీ పీకేస్తే తప్ప బతకదని పీకేశాడు. పుండు తగ్గింది గానీ, రోజూ రెండు పూటలా మందు తప్పదు. చొంగ ఆగదు. భయం అంతకన్నా ఆగదు. షెడ్డులో మందులు పెట్టే పాత బీరువా ఒకటుంటే, దాని కిందే కాపురం. పిట్టంత తింటుందని స్వరూపే ఆ పేరు పెట్టింది. పిల్లులంటే తనకు పడదని చెబుతూనే, షోరూముకు వెళ్లేముందు బీరువా కిందికి గిన్నె తోసి వెళ్లేది.

ఆ గిన్నెలోది పిట్ట తినేలోపు మిగతావి తినేసేవి. ఆదివారం ఆదివారం దీప్లా దాన్ని సంచిలో పెట్టి కూరగాయల కాటా మీద తూచేవాడు. రెండు కిలోల మూడు వందలున్నది రెండు వందలయింది, తరవాత నూరయింది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"ఇంత మందలో ఇది తినదు నర్సమ్మా. ఇదొక్కటే ఉండే ఇల్లు చూడండి. వానాకాలం రాకముందే చూడండి. కిలో తొమ్మిది వందలకు దిగిందంటే నా చేతుల్లో ఏముండదు."

అంటే పిట్టకు ఇల్లు దొరకాలి, అదీ తొందరగా. వెతికిపెట్టాల్సిన మనిషేమో శాంతాబాయి.

మొదట అదే కాలనీలోని జమునా వచ్చింది. ఆమెకు పిల్లి మీద ఇష్టమూ ఉంది, అనుమానమూ ఉంది. "అక్కా, మావోడు రోజూ డ్యూటీకి పోతడు. బయలెల్లేటప్పుడు ఎదురొస్తే ఎట్ల?"

"ఎదురొచ్చుడా? బీరువా కిందికెల్లి బయటికొస్తే కద. ఆర్నెల్లాయె, నాకే ఎదురు రాలే" అంది శాంతాబాయి.

జమునా మనసు తేలికపడింది. అంతటితో ఆపితే పోయేది. "గని చొంగ కారుస్తది. నీ దివాను మీద పడుకుంటే దివాను కడగాలె. దానికి నోరు వాసన. ఏడాదికి రెండుసార్లన్న దవాఖానకు తీస్కపోవాలె" అని పూర్తిచేసింది. జమునా మొగుడిని అడిగి చెబుతానంది. ఆ మావోడు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

తరవాత మిర్యాలగూడ నుంచి బియ్యం వ్యాపారి శ్రీనివాస్ కారు వేసుకుని వచ్చాడు. ఆయన గోదాములో ఎలుకలు సంస్థానం స్థాపించుకున్నాయి.

"ఎలుకలు పడతదా అమ్మా?" అన్నాడు.

"పళ్లే లేవు సేటూ. దేంతోని పడతది?"

"పోనీ, దీన్ని సూసన్న ఎలుకలు భయపడతయా?"

"ఎలుకను సూస్తే ఇదే భయపడతది. మొన్న ఒక చుంచెలుక దీని గిన్నెల తిని పోయింది. ఇది మూలకు నిలబడి సూసింది."

శ్రీనివాస్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మరి ఏం చేస్తదమ్మా ఇది?"

"చొంగ కారుస్తది" అంది శాంతాబాయి, దాచడం తన ఇంటావంటా లేదన్నట్టు.

ఆయన కారెక్కేదాకా ఆపుకుని, ఎక్కాక పగలబడి నవ్వాడు. ఆ నవ్వు వీధి చివరిదాకా వినిపించింది. స్వరూపకు ఒళ్లు మండింది.

"అత్తమ్మా, గిట్ల చెప్తే ఎవలు తీస్కపోతరు?"

"తీస్కపోయేటోడు తీస్కపోతడు."

"ఎప్పుడు?"

"అన్నీ ఇన్నంక."

ఆ ఆదివారం కాటా రెండు కిలోల ఇరవై చూపించింది. స్వరూప ఆ రోజు షోరూములో ఎవరికీ ఏమీ అమ్మలేకపోయింది. ఇక ఈ బేరం అత్తగారి చేతిలో ఉంటే పిల్లి మిగలదని గట్టిగా అనుకుంది.

వారం తిరక్కుండానే అవకాశం దొరికింది. మఠంపల్లి దగ్గరి తండాలో పెళ్లికి శాంతాబాయి, దీప్లా నాలుగు రోజులు వెళ్లారు. స్వరూప బీరువా ముందు బోర్లా పడుకుని, చొంగ కనపడని వైపు నుంచి పిట్ట ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టింది. ఆకుపచ్చ కళ్లు, తెల్లటి మెడ. కింద రాసిన మాటలు పూర్తిగా షోరూమువి. "సాఫ్ట్ నేచర్. హోమ్లీ. ఒక్కటే ఉంది."

సాయంత్రానికల్లా కోదాడ నుంచి ఊర్మిళ కారులో దిగింది. మంచి మనిషి, పెద్ద ఇల్లు, ఇంట్లో వేరే పిల్లి లేదు. స్వరూపకు ఇంకేం కావాలి?

"మరీ సైలెంటుగా ఉందేమిటండీ?" అంది ఊర్మిళ బుట్టలోకి తొంగిచూసి.

"డీసెంటు పీస్ మేడం. అల్లరి చెయ్యదు."

"ఈ మందేమిటి?"

"విటమిన్ మేడం. బొచ్చు షైనింగొస్తది."

ఊర్మిళ బుట్ట ఎత్తుకుంది. స్వరూప గేటుదాకా సాగనంపుతూ, రోజుకు నలభైసార్లు అనే మాటను అలవాటు కొద్దీ అనేసింది. "నచ్చకపోతే వారంలోపు ఎక్స్ఛేంజ్ ఉంది మేడం."

అన్నాక నాలుక కరుచుకుంది. కారు అప్పటికే మలుపు తిరిగింది.

నాలుగో రోజు పొద్దున శాంతాబాయి ఆటో, ఊర్మిళ కారు దాదాపు ఒకేసారి గేటు ముందు ఆగాయి. ఊర్మిళ బుట్టతో దిగింది.

"ఏమండీ, ఎక్స్ఛేంజ్ ఉందన్నారు కదా. ఇది ఫ్రిజ్ వెనక నుంచి బయటికే రావట్లేదండీ. నాలుగు రోజుల్లో తోక ఒక్కసారి చూశాం. ఏమీ తినలేదు, మాకు భయమేసింది. ఇందులో ఇంకేదైనా కలర్ ఉంటే చూపిస్తారా?"

శాంతాబాయి కోడలి వైపు చూసింది. ఊర్మిళకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, షెడ్డులోని మిగతా ఏడు పిల్లుల లోపాలను వరసగా చెప్పింది. నల్లది పరుపులు చింపుతుంది, బూడిద రంగుది పాల గిన్నె మూత తీస్తుంది, కుంటిదానికి పక్కింటి వాళ్లంటే గిట్టదు. ఊర్మిళ ఏ కలరూ తీసుకోకుండా, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

దీప్లా పిట్టను తూచాడు. కిలో తొమ్మిది వందల నలభై.

స్వరూపకు ఏడుపొచ్చింది, స్కూటీ సీటు మీద కూర్చుని ఏడ్చింది. అత్తగారు తిడితే బాగుండుననిపించింది. శాంతాబాయి వచ్చి పక్కన నిలబడింది. "నేను దాని లోపాలు నీకు చెప్పిన. నువ్వు ఆమెకు చెప్పలే. ఆమె తప్పేం లేదు, దాని తప్పు అసల్కే లేదు" అంది. భుజం తట్టి, "లే బిడ్డా, మందు టైమయింది" అంది.

మరునాడు పదిన్నరకు దీప్లా లోపలికి వచ్చి చెప్పాడు. "గేటు కాడ ఎవలో నిలబడ్డరు. అరగంటాయె. బెల్లు కొట్టడు, పోడు."

స్వరూప వెళ్లి చూసింది. యాభై అయిదేళ్లుంటాయి, సన్నగా ఉన్నాడు, చంకలో మూత ఉన్న బుట్ట ఉంది. గేటుతో మాట్లాడుతున్నట్టు తల వంచుకుని మాట్లాడాడు. పేరు పాపయ్యట. మిర్యాలగూడలో శ్రీనివాస్ సేటు దుకాణం పక్కనే గడియారాలు రిపేరు చేస్తాడట. నర్సమ్మ మాటలను సేటు పది రోజుల నుంచి వచ్చినవాళ్లందరికీ యాక్షన్ చేసి చూపిస్తున్నాడట. అందరూ నవ్వుతున్నారట.

"నాకు నవ్వు రాలేదమ్మా. మూలకు నిలబడి సూసిందన్నడు కద, గదే యాదికొస్తున్నది" అన్నాడు. "ఇంక గాడనే ఉందా అది?"

అతన్ని షెడ్డులో బీరువా ఎదురుగా కూర్చోబెట్టారు. ఇంకో నలభై గ్రాములు తగ్గితే పిట్ట లేదు. ఈ ఒక్కసారికి అత్తగారు నోరు మూసుకుంటే చాలని స్వరూప మనసులో మొక్కుకుంది. శాంతాబాయి గొంతు సవరించుకుంది.

"దానికి పళ్లు లేవు."

"నాకూ లేవమ్మా. షుగరుకు పోయినయి. కట్టుడు పళ్లు జేబులుంటయి, చుట్టాలొస్తే పెట్టుకుంట."

"మెత్తగ పిసికి పెట్టాలె."

"నేను తినేదే గది. ఇంకో పిడికెడు పిసుకుత."

"మనుషులొస్తే పోయి దాసుకుంటది."

"నేనూ లోపలర్రలకు పోత. పెండ్లిచూపులకు ఆరుసార్లు పోయిన, ఒక్కపారన్న నోరు తెరవలే."

"సప్పుడు పడది. స్టీలు గిన్నె కింద పడితే పూటంత తినది."

పాపయ్య ఆలోచించాడు. "ఇంట్ల గంట కొట్టే గడియారాలు మూడున్నయి. ఆపేస్త."

"సూస్తుంటే తినది. గిన్నె పెట్టి మొఖం అటు తిప్పుకోవాలె."

"మొఖం తిప్పుకునుడు నాకు మంచిగొస్తదమ్మా."

"పొద్దున ఎనిమిదికి మందు, రాత్రి ఎనిమిదికి మందు. ఒక్క నిమిషం అటిటు కావొద్దు."

పాపయ్య మొదటిసారి తలెత్తి ఆమెను చూశాడు. "గడియారాలోన్ని కదమ్మా" అన్నాడు.

అక్కడే నిలబడి వింటున్న స్వరూపకు ఏదో తట్టింది. మొఖం తిప్పుకుంటే తింటుందని తెలియాలంటే ఎన్ని పూటలు ఆ గిన్నె దగ్గర కూర్చుని ఉండాలి? ఇవి లోపాలు కావు. ఈ పిల్లిని ఎలా చూసుకోవాలో ఒక్కొక్కటీ అప్పజెబుతోంది అత్తమ్మ. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. నాలుగేళ్లలో ఏ తండాకు వెళ్లినా తనను ఏడుకు ముందు ఎవరూ లేపలేదు. ఏ ఇంట్లోనూ చల్లటన్నం పెట్టలేదు. ఎవరూ గొంతు పెంచలేదు. చుట్టాలంతా బంగారంలాంటి వాళ్లని ఇన్నాళ్లూ అనుకుంది. వాళ్లకు ముందే చెప్పి పెట్టిన మనిషి మీదేమో ఇన్నాళ్లూ ఉడికిపోయింది. స్వరూపకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

అన్నీ విన్న తరవాత కూడా మనిషి కూర్చునే ఉండటం శాంతాబాయికి కొత్త. ఏం చెయ్యాలో తోచక, "చాయ్ తాగుతవా అన్నా?" అంది.

పాపయ్య చాయ్ తాగలేదు. బుట్ట మూత తీసి బీరువా దగ్గర పెట్టి, తాను గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. జేబులోంచి ఒక చేతిగడియారం తీసి విప్పడం మొదలుపెట్టాడు. మిగతా ఏడింటినీ దీప్లా బయటికి తోలాడు. ముప్పావు గంట ఎవరూ మాట్లాడలేదు. గడియారం మొత్తం విప్పి మళ్లీ బిగించేసరికి, బుట్టలోంచి మెల్లగా కదిలిన చప్పుడైంది. బుట్ట కూడా బీరువా కింద లాగే చీకటిగా ఉంది మరి. పాపయ్య వెనక్కి చూడకుండానే చెయ్యి చాపి మూత వేశాడు.

పాపయ్యను బస్సెక్కించి వచ్చాక శాంతాబాయి రెండు రోజులు ఎవరి లోపాలూ చెప్పలేదు. ఫోను మోగితే మాత్రం ఉలిక్కిపడేది. వాపసు తెస్తున్నామన్న మాట కోసమే భయపడుతోందని ఇంట్లో అందరికీ తెలుసు. ఫోను రాలేదు. పాపయ్య ఫోను చేసే మనిషి కాదు.

మూడు వారాల తరవాత, సెలవు రోజు పొద్దున అందరూ చాయ్ తాగుతుండగా మోగింది. శాంతాబాయి ఎత్తి స్పీకరు పెట్టింది. అవతల నుంచి చాలాసేపు ఏమీ వినపడలేదు. అంటే పాపయ్యే.

"నర్సమ్మా, మీరొక లోపం చెప్పలే."

స్వరూప గ్లాసు కింద పెట్టేసింది. "ఏంది అన్నా?" అంది శాంతాబాయి.

"ఒళ్లెక్కి కూసుంటది. ఇగ దిగది. దుకాణం తెరిసేటాలకు పదకొండైతున్నది. సేటు కాటా మీద పెట్టిన, రెండు కిలోల అయిదు నూర్లున్నది. మోకాళ్లు తిమ్మిరెక్కుతున్నయి."

"గది నాకు తెల్వదన్నా" అంది శాంతాబాయి, దొంగతనం ఒప్పుకుంటున్నంత నెమ్మదిగా. "నా ఒళ్లెన్నడు ఎక్కలే. మరి... వాపసు తెస్తవా?"

"అయ్యో, ఎందుకు తెస్త. ఎవలకన్న తెల్వాలె కద అని చెప్పిన" అన్నాడు పాపయ్య. తరవాత చెప్పడానికి మాటలు అయిపోయినట్టున్నాయి. ఫోను ఒళ్లో పెట్టాడు కాబోలు, గుర్రు గుర్రుమని ఒక చప్పుడు మొదలైంది.

శాంతాబాయి స్పీకరు తీసేసి ఫోను చెవికి పెట్టుకుని విన్నది. స్వరూప చెయ్యి చాపినా చాలాసేపు ఇవ్వలేదు. స్వరూప విన్నాక దీప్లా తీసుకున్నాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి, కళ్లు మూసుకుని శ్రద్ధగా విని, "ఇంజను మంచిగుంది" అన్నాడు.